'చెక్' అన్న ఒక్క మాటకు ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి?

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధిస్తాను. ఇటీవల ఒక పాఠంలో 'చెక్' అన్న మాట వేర్వేరు అర్థాలతో రెండు మూడు చోట్ల వచ్చింది. ఒక విద్యార్థిని లేచి, "చదరంగంలో రాజుకు చెక్ అంటాం, లెక్క సరిచూడడాన్ని చెక్ చేయడం అంటాం, బ్యాంకులో ఇచ్చే కాగితాన్ని చెక్కు అంటాం, గళ్ల చొక్కాను చెక్స్ చొక్కా అంటాం. ఇవన్నీ ఒకే మాటా, లేక ఒకేలా వినిపించే వేర్వేరు మాటలా?" అని అడిగింది. తెలుసుకుని చెబుతానన్నాను. వెతికితే ఒకచోట మూలం పారసీకమనీ, ఇంకోచోట అరబ్బీ అనీ, మరోచోట ఫ్రెంచి అనీ కనబడింది. మా సహోపాధ్యాయులొకరు బ్యాంకు చెక్కు మన 'చెక్కడం' నుంచి వెళ్లిందని గట్టిగా వాదిస్తున్నారు. దీని అసలు అర్థం ఏది? బ్యాంకు చెక్కుకు రెండు స్పెల్లింగులు ఎందుకున్నాయి? ఇదంతా పిల్లలకు ఎంతవరకు చెప్పాలి, ఎలా చెప్పాలి?
— ఒక ఉపాధ్యాయిని

సమాధానం: అమ్మా, మీ విద్యార్థిని చెప్పినవన్నీ ఒకే మాట. చదరంగంలోని చెక్, సరిచూసుకునే చెక్, బ్యాంకు చెక్కు, చొక్కా మీది చెక్స్, వీటన్నిటికీ మూలం 'రాజు' అన్న అర్థం గల 'షాహ్' అనే పారసీక పదం. మీకు కనబడిన మూడు జవాబులూ ఒకదానితో ఒకటి విభేదించేవి కావు. ఆ మాట పారసీకంలో పుట్టి, అరబ్బీ మీదుగా ఐరోపాకు చేరి, ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులోకి వచ్చింది. ఒక నిఘంటువు తొలి భాషను చెబితే, మరొకటి ఇంగ్లీషుకు నేరుగా అందించిన భాషను చెప్పి ఊరుకుంటుంది. అందువల్లనే చూసేవారికి తికమక కలుగుతుంది. మీ సహోపాధ్యాయుల అభిప్రాయం మాత్రం నిలిచేది కాదు, దానికి కారణం ముందుముందు చెబుతాను. 'అసలు అర్థం ఏది' అన్న మీ ప్రశ్నకు కూడా, ఆ మాట నడిచివచ్చిన దారి మొత్తం చూశాకే జవాబు చెప్పడం న్యాయం.

చదరంగం మన దేశంలో 'చతురంగం'గా పుట్టి, పారసీకంలో 'చత్రంగ్' అయింది. ఏడో శతాబ్దంలో అరబ్బులు పారసీక సామ్రాజ్యాన్ని జయించిన తర్వాత, చ, గ ధ్వనులు లేని అరబ్బీ భాషలో అదే 'షత్రంజ్' అయింది. ఆట పేరు ఇలా రూపం మార్చుకుంది కానీ, బల్ల మీది ముఖ్యమైన పావును పారసీకులు పిలిచిన 'షాహ్' అన్న పేరును అరబ్బులు అనువదించకుండా అలాగే ఉంచుకున్నారు. ఎదుటివారి రాజు మీదికి దాడి వెళ్లినప్పుడు 'షాహ్' అని పైకి పలికి హెచ్చరించడం ఆటలో మర్యాదగా ఉండేది. ఈ హెచ్చరికే మన 'చెక్'కు పుట్టుక. ఆటలో రాజుకు పేరుగా ఉన్న మాట, ఆ రాజుకు వచ్చిన ఆపదకు పేరు కావడం ఈ కథలో మొదటి మలుపు.

షాహ్ అన్న మాట కూడా చిన్నది కాదు. దాని ప్రాచీన రూపం 'ఖ్షాయథియ'. క్రీ.పూ. 520 ప్రాంతంలో డేరియస్ చక్రవర్తి బెహిస్తూన్ కొండ మీద చెక్కించిన శాసనంలో తనను తాను 'రాజులకు రాజు'నని చెప్పుకున్నది ఈ మాటతోనే. తర్వాతి కాలపు 'షాహెన్షా' దానికి కొనసాగింపు. 'ఏలడం' అన్న అర్థం గల ఆ ధాతువుకూ, సంస్కృతంలోని 'క్షత్ర' శబ్దానికీ చుట్టరికం ఉంది. పారసీకమూ సంస్కృతమూ ఒకే తల్లి బిడ్డలు కాబట్టి ఇందులో వింత లేదు. 'క్షత్రియుడు', 'పాదుషా', 'చెక్కు' అన్న మూడు మాటలను బోర్డు మీద పక్కపక్కన రాసి, వీటిలో ఉమ్మడిగా ఉన్నదేమిటో చెప్పమంటే పిల్లలు చాలాసేపు ఆలోచనలో పడతారు. ఆ ఆలోచన వారికి మేలు చేస్తుంది.

పదో, పదకొండో శతాబ్దాల నాటికి స్పెయిన్, ఇటలీల మీదుగా ఆట ఐరోపా అంతటా వ్యాపించింది. మధ్యయుగపు లాటిన్ రాతల్లో షాహ్ 'స్కాకుస్'గా మారింది. ప్రాచీన ఫ్రెంచిలో అదే 'ఎస్చెక్' అయింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక అక్కడి ఆస్థానాల్లో, న్యాయస్థానాల్లో, ఆటపాటల్లో ఫ్రెంచి మాటలు వేల సంఖ్యలో పాదుకున్నాయి. వాటితోపాటు ఇదీ వచ్చి, ముందున్న 'ఎ', 'స' రాలిపోయి 'చెక్'గా మిగిలింది. చదరంగానికి ఇంగ్లీషులో ఉన్న 'చెస్' అన్న పేరు కూడా వేరే మాట కాదు. ఫ్రెంచిలో 'ఎస్చెక్' ఏకవచనమైతే 'ఎస్చెస్' బహువచనం. ఆ బహువచనమే 'చెస్' అయింది. అంటే ఇంగ్లీషువారు ఆ ఆటను పిలుస్తున్న పేరుకు అర్థం 'రాజులు' అనే.

'చెక్‌మేట్' సంగతి ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే మీ తరగతిలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. దానికి మూలం 'షాహ్ మాత్'. దీన్ని 'రాజు చనిపోయాడు' అని చాలామంది అనువదిస్తారు. అరబ్బీలో 'మాత' అంటే చనిపోయాడని అర్థం ఉండడమే అందుకు కారణం. పారసీకంలో మాత్ అంటే దిక్కుతోచనివాడు, నిస్సహాయుడు. ఆట నియమాన్ని బట్టి చూస్తే ఈ రెండో అర్థమే నాకు సబబుగా తోస్తుంది. చదరంగంలో రాజును ఎవరూ చంపరు, బల్ల మీది నుంచి తీయరు. కదలడానికి గడి లేక అతడు నిలిచిపోయిన చోటనే ఆట ముగుస్తుంది. మన 'ఆటకట్టు' అన్న మాట ఆ స్థితిని ఎంతో చక్కగా చెబుతుంది. ఇంగ్లీషులో స్నేహితుణ్ణి పిలిచే 'మేట్' వేరు. అది జర్మన్ భాషల కుటుంబం నుంచి వచ్చింది, కలిసి భోజనం చేసేవాడని దాని తొలి అర్థం. ధ్వని ఒకటైనా పుట్టుక వేరైన మాటకు ఇది మంచి ఉదాహరణ కనుక, మీ విద్యార్థిని వేసిన ప్రశ్నలోని రెండో సగానికి దీన్ని వాడుకోవచ్చు.

ఇక చదరంగపు బల్ల దాటి ఈ మాట మామూలు వ్యవహారంలోకి ఎలా వచ్చిందో చూడాలి. రాజుకు చెక్ వచ్చిన క్షణంలో ఆటగాడు ఏం చేయాలో గుర్తు తెచ్చుకోండి. అప్పటిదాకా అతడు ఏనుగును నడిపిస్తున్నా, గుర్రంతో దాడికి సిద్ధమవుతున్నా, అదంతా ఆపివేయాలి. రాజును తప్పించాలి, లేదా అడ్డంగా మరో పావును పెట్టాలి, లేదా దాడి చేసిన పావును చంపాలి. నాలుగో దారి లేదు. ఇలా సాగిపోతున్న పని ఉన్నట్టుండి ఆగిపోవడం అన్న అనుభవం నుంచి 14వ శతాబ్దంలోనే 'హఠాత్తుగా అడ్డుపడడం', 'నిలువరించడం' అన్న అర్థాలు ఇంగ్లీషులో స్థిరపడ్డాయి. వేటకుక్క వాసన తప్పి ఆగిపోతే అదొక చెక్. గుర్రాన్ని కళ్లెంతో ఆపితే అదొక చెక్. శత్రువును ముందుకు రానీయకుండా నిలబెట్టడాన్ని ఇప్పటికీ 'హోల్డ్ ఇన్ చెక్' అంటారు. రాజ్యాంగాల గురించి చెప్పేటప్పుడు వాడే 'చెక్స్ అండ్ బ్యాలెన్సెస్'లో ఉన్నది కూడా ఈ అర్థమే. ప్రభుత్వంలోని ఒక విభాగం హద్దు మీరకుండా మరొక విభాగం అడ్డుకోగలగడమే అందులోని చెక్. ఫ్రెంచివారు అదే మాటను 'ఎషెక్' అని పలుకుతూ 'వైఫల్యం' అన్న అర్థంలో వాడుతున్నారు. ఇంగ్లీషువారు ఆగిపోవడం దగ్గర నిలిస్తే, ఫ్రెంచివారు ఓటమి దాకా వెళ్లారు. మన పత్రికల శీర్షికల్లో 'ప్రత్యర్థికి చెక్ పెట్టారు' అని కనబడేది మాత్రం నేరుగా చదరంగపు అర్థమే.

నిలువరించడం నుంచి సరిచూడడం ఎలా వచ్చిందన్నది ఈ కథలో అందరూ తడబడే చోటు. పిల్లలకు చెప్పేటప్పుడు దీన్ని దాటవేయవద్దని కోరుతున్నాను. ఒక ఉద్యోగి చేతికి డబ్బు అప్పగించినప్పుడు అతడు దారి తప్పకుండా అదుపులో ఉంచే మార్గం ఏమిటి? అతడి లెక్కను వేరేవారి దగ్గరున్న మరో లెక్కతో పోల్చి చూడడం. పోల్చి చూస్తారన్న సంగతి తెలిసినంత మాత్రాన అతడి చేయి జాగ్రత్తగా ఉంటుంది. అదుపు చేసే పనికీ, పోల్చి చూసే పనికీ ఇంత దగ్గర సంబంధం ఉండబట్టే, 17వ శతాబ్దం చివరికి 'అదుపు చేయడం' అన్న మాట 'పోల్చి సరిచూడడం' అన్న అర్థాన్ని కూడా మోయడం మొదలుపెట్టింది. తర్వాత అదుపు అన్న భావం సన్నగిల్లి, పోల్చడం ఒక్కటే మిగిలింది. నేడు వైద్యుడు నాడిని చెక్ చేసినా, మనం తలుపు గడియను చెక్ చేసినా అందులో ఎవరినీ నిలువరించడం లేదు.

ఈ వివరణ మీకు దూరాన్వయంగా అనిపిస్తే 'కంట్రోల్' అన్న మాటను చూడండి. దానికి మూలమైన ఫ్రెంచి మాటకు 'ఎదురు చుట్ట' అని అర్థం. చుట్ట అంటే తోలు కాగితం మీద రాసి చుట్టిపెట్టుకున్న లెక్కల పత్రం. ఒక పత్రానికి ప్రతిగా మరొకటి రాసి పెట్టుకుని, రెండింటినీ పోల్చి చూడడమే తొలినాళ్ల కంట్రోల్. తర్వాత అది 'అదుపు చేయడం'గా మారింది. చెక్ అదుపులో మొదలై పోలికకు వచ్చింది; కంట్రోల్ పోలికలో మొదలై అదుపుకు వచ్చింది. రెండు మాటలు ఒకే దారిలో ఎదురెదురుగా నడిచాయంటే ఆ దారి నిజంగా ఉన్నదే అని నమ్మవచ్చు. అర్థాలు మారే తీరు గురించి నేను చదివిన వాటిలో ఇంత స్పష్టమైన జంట మరొకటి నాకు తారసపడలేదు.

బ్యాంకు చెక్కు దగ్గరికి వెళ్లే ముందు ఒక పెద్ద గదిలోకి తొంగిచూడాలి. బ్రిటన్ ఆర్థిక మంత్రిని నేటికీ 'ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్' అంటారు. ఎక్స్‌చెకర్ అంటే ఖజానా అని మనం చదువుకున్నాం. ఆ మాటకు మూలం ప్రాచీన ఫ్రెంచిలోని 'ఎస్చెకియేర్', అంటే చదరంగపు బల్ల. ముందున్న 'ఎస్'ను లాటిన్ 'ఎక్స్'కు చెడిన రూపమనుకుని తర్వాతి లేఖకులు దిద్దబోయి, లేని 'ఎక్స్'ను చేర్చారు. పండితులు చేసిన ఆ పొరపాటే నేటికీ నిలిచి ఉంది. ఖజానాకు చదరంగపు బల్ల పేరు ఎందుకు వచ్చిందో తెలుసుకోవడానికి మనం ఊహల మీద ఆధారపడనక్కరలేదు. రెండో హెన్రీ కాలంలో, 1170వ దశకం చివర, కోశాధికారిగా ఉన్న రిచర్డ్ ఫిట్జ్‌నీల్ ఆ కార్యాలయం పని తీరును గురుశిష్య సంవాదంగా లాటిన్‌లో రాసిపెట్టాడు. అందులో శిష్యుడు తొలుత అడిగే ప్రశ్నల్లో ఒకటి, ఈ కొలువుకు ఆ పేరెందుకు వచ్చిందన్నది. మీ విద్యార్థిని అడిగిన ప్రశ్నకు సోదర ప్రశ్నను ఎనిమిది వందల ఏళ్లకు పైగా కిందటే మరొక శిష్యుడు అడిగి ఉన్నాడన్నమాట.

గురువు ఇచ్చిన జవాబు ప్రకారం, అది సుమారు పది అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు ఉన్న బల్ల. పైన ఉంచినవి జారిపడకుండా చుట్టూ నాలుగు వేళ్ల ఎత్తున అంచు ఉంటుంది. దాని మీద గీతలు గీసిన నల్లని గుడ్డ పరుస్తారు. గీతల మధ్య ఏర్పడిన నిలువు వరుసల్లో ఒకటి పెన్నీలకు, పక్కది షిల్లింగులకు, ఆ పక్కది పౌండ్లకు, తర్వాత ఇరవైలకు, వందలకు, వేలకు కేటాయిస్తారు. ఒక జిల్లాకు అధికారి అయిన షెరీఫ్ రాజుకు చెల్లించవలసిన మొత్తాన్ని గణకుడు బిళ్లలతో పై వరుసలో పేరుస్తాడు. షెరీఫ్ చెల్లించినదాన్ని కింది వరుసలో పేరుస్తాడు. కింది బిళ్లలకు సమానంగా పై బిళ్లలను తీసివేస్తూ పోతే, మిగిలినదే బాకీ. రోమన్ అంకెలతో కాగితం మీద కూడికలు, తీసివేతలు చేయడం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించిన వారికి తెలుస్తుంది. సున్నా లేని ఆ అంకెల లోటును ఈ గుడ్డ మీది స్థానాలు తీర్చాయి. చదువు రానివాడు కూడా తన లెక్కను కళ్లతో చూడగలిగేవాడు. బల్ల గళ్లుగా ఉండడం ఒక్కటే పోలిక కాదని కూడా గురువు చెబుతాడు. చదరంగంలో ఇద్దరు రాజుల మధ్య యుద్ధం జరిగినట్టు, ఇక్కడ కోశాధికారికీ, లెక్క చెప్పడానికి కూర్చున్న షెరీఫ్‌కూ మధ్య యుద్ధం జరుగుతుందని, మిగిలినవారు చుట్టూ కూర్చుని చూసి తీర్పు చెబుతారని ఆయన వివరణ.

చెల్లింపులకు అక్కడ రసీదుగా ఇచ్చింది కర్ర. హేజెల్ చెట్టు కర్ర మీద మొత్తాన్ని గాట్లుగా కోసేవారు. వెయ్యి పౌండ్లకు అరచేయి మందాన, వందకు బొటనవేలి మందాన, ఇరవైకి చిటికెన వేలి మందాన గాటు ఉండేది. తర్వాత ఆ కర్రను నిలువునా చీల్చి, ఒక ముక్క చెల్లించినవాడికిచ్చి, రెండోది కొలువులో దాచేవారు. రెండు ముక్కలనూ కలిపి చూస్తే గాట్లు అతికినట్టు సరిపోవాలి. ఒకవైపు ఎవరు కొత్త గాటు పెట్టినా రెండోవైపు అది ఉండదు కనుక మోసం బయటపడుతుంది. ఈ 'ట్యాలీ' కర్రల పద్ధతి 1826 వరకు కొనసాగింది. పాతబడి పోగుపడిన కర్రలను 1834 అక్టోబరు 16న ప్రభువుల సభ కింది కొలిమిలో కాల్చినప్పుడు మంటలు పొగగొట్టాల నుంచి భవనానికి అంటుకుని, లండన్‌లోని పార్లమెంటు భవనం చాలా భాగం బూడిదైంది.

రెండు భాగాలు చేసి, ఒకదానితో మరొకదాన్ని సరిపోల్చుకునే ఆ ఆలోచన కాగితం మీదికి మారినప్పుడు బ్యాంకు చెక్కు అన్న పేరు పుట్టింది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. వస్తువు ముందు వచ్చింది, పేరు తర్వాత వచ్చింది. నా సొమ్ములో నుంచి ఫలానావారికి ఇంత ఇవ్వమని తన బ్యాంకరుకు రాసే ఉత్తరువులు ఇంగ్లండులో 17వ శతాబ్దం నాటికే ఉన్నాయి. 1659 నాటిది, 400 పౌండ్లకు రాసినది, ఒకటి నేటికీ మిగిలి ఉంది. అప్పట్లో వాటిని చెక్కులనలేదు. 18వ శతాబ్దం ఆరంభంలో 'చెక్' అన్న పేరు కౌంటర్‌ఫాయిల్‌కు ఉండేది. పత్రాన్ని చించి ఇచ్చాక పుస్తకంలో మిగిలే ముక్క అది. అంకె దిద్దారేమో, సంతకం దొంగదేమో తేల్చుకోవడానికి దాన్ని పక్కన పెట్టి చూసేవారు కనుక ఆ పేరు తగినదే. ఆ శతాబ్దం ముగిసేలోగా పేరు మిగిలిన ముక్క మీది నుంచి చించి ఇచ్చిన ముక్క మీదికి జారింది. నేడు మనం చెక్కు అంటున్నది, నిజానికి తొలుత చెక్ అనిపించుకున్న దానికి రెండో సగం. నిఘంటువులో ఒక్క పంక్తిలో ముగిసిపోయే ఈ జారుడును పిల్లలకు చేతిలో కాగితం చించి చూపించవచ్చు. ఒక కాగితం మీద పేరు, మొత్తం రెండుసార్లు రాసి, మధ్యలో వంకరగా చించి, ఒక సగం వెనక బల్ల వారికిచ్చి అంకె దిద్దమనండి. రెండు సగాలను కలిపి చూపిస్తే మోసం దానంతట అదే కనిపిస్తుంది.

సామాను అప్పగించినప్పుడు ఇచ్చే బిళ్లను అమెరికాలో చెక్ అనడం, విమానాశ్రయంలో పెట్టెలను 'చెక్ ఇన్' చేయడం, భోజనం తర్వాత ఇచ్చే బిల్లును అక్కడివారు చెక్ అనడం, ఇవన్నీ పోల్చి చూసుకునే ముక్క అన్న అర్థానికి కొమ్మలు. గళ్ల గుడ్డకు చెక్స్ అన్న పేరు మాత్రం ఈ వరుసలోది కాదు. అది నేరుగా చదరంగపు బల్ల నుంచి వచ్చింది, సుమారు 1400 నాటికే వాడుకలో ఉంది. కనుక మీ విద్యార్థిని చెప్పిన నాలుగింటిలో చొక్కాకూ చదరంగానికీ ఉన్న బంధుత్వం చాలా దగ్గరిది, చొక్కాకూ బ్యాంకుకూ ఉన్నది దూరపుది.

ఇప్పుడు మీ సహోపాధ్యాయుల మాట. చెక్కడం అన్న తెలుగు మాటను, గాట్లు చెక్కిన కర్రలను పక్కపక్కన పెడితే ఆయన వాదం ఎంత ఆకర్షణీయంగా ఉంటుందో నాకు తెలుసు. ఆయనకు ఆ కర్రల సంగతి చెబితే మరింత గట్టిగా పట్టుకుంటారేమో కూడా. కానీ ఒక మాట మరో భాషలోకి వెళ్లిందనాలంటే ధ్వని కలిస్తే చాలదు. ఎవరు, ఎప్పుడు, ఏ దారిన తీసుకువెళ్లారో చూపాలి, మధ్యలోని రూపాలు కనబడాలి. షాహ్ విషయంలో స్కాకుస్, ఎస్చెక్, చెక్ అని ప్రతి మెట్టూ రాతల్లో ఉంది. చెక్కడం విషయంలో ఒక్క మెట్టు కూడా లేదు. పైగా ఆ కర్రలను ఇంగ్లీషులో ఎన్నడూ చెక్ అనలేదు, ట్యాలీ అనే అన్నారు. ఇంతకంటె గట్టి పోటీదారు అరబ్బీలోని 'సక్' అన్న మాట. చెల్లింపు పత్రమని దాని అర్థం, మధ్యయుగపు అరబ్బు వర్తకులు అలాంటి పత్రాలను నిజంగానే వాడారు. దాన్ని బట్టి బ్యాంకు చెక్కు దాని నుంచే వచ్చిందని చాలాచోట్ల రాస్తున్నారు. అయితే ఇంగ్లీషులో ఆ పేరు మొదట కనబడింది చెల్లింపు పత్రానికి కాదు, కౌంటర్‌ఫాయిల్‌కు. సక్ నుంచి వచ్చి ఉంటే క్రమం తలకిందులై ఉండాలి. అందుకే ప్రామాణిక ఇంగ్లీషు నిఘంటువులు ఈ మాటను సరిచూడడం అన్న చెక్ కిందే పెడుతున్నాయి, నేనూ వాటి పక్షమే. మీ సహోపాధ్యాయులకు ఈ పరీక్షను మర్యాదగా చూపించండి. ఆయన తెలుగు మీద ప్రేమతో అన్నారు కాబట్టి కించపరచకుండా చెప్పడం అవసరం.

'అసలు అర్థం ఏది' అన్న ప్రశ్నకు నా సమాధానం ఇది. తొలి అర్థం రాజు. కానీ తొలి అర్థాన్ని అసలు అర్థం అనకూడదు. తలుపు గడియ చెక్ చేయమన్నప్పుడు అందులో రాజు లేడు, ఉన్నాడని పిల్లలకు చెబితే వారు ఇంగ్లీషును తప్పుగా నేర్చుకుంటారు. ఒక మాట అర్థాన్ని నేడు నిర్ణయించేది దాన్ని నేడు వాడుతున్నవారు. ఆ అర్థం అక్కడికి ఎలా చేరిందో చెప్పడం వరకే చరిత్ర పని. మూలం తెలిసినవారు తెలియనివారిని దిద్దడానికి దాన్ని ఉపయోగించడం నేను తరచు చూస్తున్నాను, అది నాకు నచ్చదు. మూలం వల్ల కలిగే మేలు జ్ఞాపకానికి సంబంధించినది. నాలుగు అర్థాలను విడివిడిగా బట్టీ పట్టిన విద్యార్థి ఐదోది ఎదురైనప్పుడు ఆగిపోతాడు. అర్థం ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు ఎందుకు కదిలిందో తెలిసినవాడు, తాను ఎన్నడూ వినని 'చెక్ పాయింట్', 'చెక్ లిస్ట్' వంటి మాటలను కూడా సందర్భాన్ని బట్టి పట్టుకోగలుగుతాడు.

అందువల్ల తరగతిలో షాహ్‌తో మొదలుపెట్టవద్దని నా సలహా. దూరదేశపు పేర్లతో మొదలుపెడితే పిల్లలు దాన్ని కథగా విని మరిచిపోతారు. ముందు చదరంగపు బల్లను తెప్పించి, రాజుకు చెక్ ఇచ్చి, ఇప్పుడు ఏం చేయగలవో చెప్పమని ఆడుతున్న పిల్లనే అడగండి. తన పథకం ఆగిపోయిందని ఆమె నోటితోనే వస్తుంది. ఆగిపోవడం నుంచి అదుపు, అదుపు నుంచి పోల్చి చూడడం, పోల్చి చూడడం నుంచి చించిన కాగితం, ఇంతవరకు ఒక తరగతికి సరిపోతుంది. ఎక్స్‌చెకర్ బల్లను మరో రోజుకు ఉంచుకుంటే మంచిది. నేల మీద సుద్దతో వరుసలు గీసి, గులకరాళ్లతో ఒక తీసివేత చేయిస్తే లెక్కల ఉపాధ్యాయులు కూడా మీతో కలుస్తారు. బెహిస్తూన్ శాసనం, క్షత్ర శబ్దం అడిగిన పిల్లలకు మాత్రమే చెప్పండి. అడిగేవారు ఒకరిద్దరైనా ఉంటారు.

చివరగా స్పెల్లింగు. అమెరికావారు అన్ని అర్థాలకూ 'కె'తో ముగిసే ఒకే రూపం రాస్తారు. బ్రిటన్ పద్ధతిలో బ్యాంకు చెక్కుకు మాత్రం 'క్యూ యు ఇ'తో ముగిసే రూపం ఉంది. ఇది బ్రిటిష్ వారి పాత రూపమని, అమెరికావారు దాన్ని కుదించారని చాలామంది అనుకుంటారు. జరిగింది అందుకు విరుద్ధం. బ్రిటన్‌లోనూ తొలుత ఎక్కువమంది 'కె'తోనే రాసేవారు. 1828లో బ్యాంకింగ్ గురించి రాసిన జేమ్స్ విలియం గిల్బర్ట్, ఎక్కువమంది 'కె'తో రాస్తున్నా తాను రెండో రూపాన్ని ఎంచుకున్నానని చెప్పాడు. దానివల్ల అర్థంలో సందిగ్ధత ఉండదనీ, అది ఎక్స్‌చెకర్ అన్న మాటకు పోలికగా ఉందనీ, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ కూడా దాన్నే వాడుతోందనీ ఆయన ఇచ్చిన కారణాలు. ఆ తర్వాతనే బ్రిటన్‌లో అది స్థిరపడింది. కాబట్టి ఏ రూపాన్నీ తప్పు అనలేం. మీ పాఠ్యపుస్తకం బ్రిటిష్ పద్ధతిని అనుసరిస్తే పిల్లలకు ఆ రూపాన్నే నేర్పండి, సరిచూడడం అన్న క్రియకు మాత్రం దాన్ని ఎన్నడూ వాడకూడదని గట్టిగా చెప్పండి. ఎవరైనా బ్యాంకు చెక్కును అమెరికన్ రూపంలో రాస్తే మార్కులు తీయవద్దు. ఒకే వ్యాసంలో బ్యాంకు చెక్కును ఒకసారి ఒకలా, ఇంకోసారి మరోలా రాస్తే అప్పుడు దిద్దండి.